నాలుగో గేరు

మామా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ పొద్దున నా బండికి ముందు చైన్ స్ప్రాకెట్, అంటే చైన్‌ను తిప్పే పళ్లచక్రం, మార్పించి, పాతదానికంటే ఒక పన్ను ఎక్కువున్నది వేయించాను. "ఎనబై దాటినవంటె నా కాళ్లు జుమ్మంటయి బిడ్డా, జర ఆ చక్రం మార్పియ్యరాదూ?" అని వెనక సీటు మీద నుంచి ప్రతిసారీ పోరుపెట్టేవాడివి కదా. నీ మాటే నెగ్గింది, సంతోషమేనా?

గాంధీ గంజ్ వెనక మెకానిక్ యాదయ్య బండి అప్పగిస్తూ చెప్పాడు: "నువ్వొక్కనివే ఉంటె ఎత్తు మీద గూడ ఐదో గేర్లనే పోతది. ఎనక మనిషి కూసుంటె గుంజది, నాలుగుకు దించాలె."

హుమ్నాబాద్ రోడ్డెక్కాను. ఎనభైలో ఇంజన్ అరుపు లేదు, హ్యాండిల్ వణుకు లేదు. ఎప్పుడూ అదురుతూ ఏమీ కనిపించనివ్వని అద్దం కూడా కదలకుండా ఉంది. మొదటి ఎత్తు ఐదులోనే ఎక్కాను.

దుబల్గుండి మలుపు దగ్గర, నువ్వు నాకోసం నిలబడి బండెక్కే చోట, అలవాటుకొద్దీ ఒక్క నిమిషం ఆగి బయలుదేరాను. తర్వాతి ఎత్తు చిన్నదే. ఎదురుగాలి కూడా లేదు. అయినా బండి ఐదులో గుంజలేదు. నాలుగుకు దించాను.

అద్దంలోకి మాత్రం చూడలేదు మామా. చూస్తే బండి మళ్లీ తేలికైపోతుందేమోనని.