ఇంట్లో మొత్తం ఎంతమంది?

బెంటన్‌విల్, ఆర్కన్సా
2025 జూన్ 3

గౌరవనీయులూ, అరోరా గుడి బేస్‌మెంట్‌లో ఆరేళ్ళపాటు నాకు ఆదివారం తెలుగు నేర్పి అలిసిపోయినవారూ అయిన జగన్మోహన్ అంకుల్‌కి, కృతి నమస్కారాలు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాయడానికి కారణం మీరే. ముఖ్యమైన విషయమేదైనా తెలుగులో, కాగితం మీద రాసి అడగాలని క్లాసులో రూలు పెట్టారు. ఇంతవరకు నా జీవితంలో అంత ముఖ్యమైనదేదీ జరగలేదు గనక మిమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. ఇప్పుడు జరిగింది.

నా పెళ్ళికి మీరూ ఆంటీ విజయవాడ వచ్చి అక్షింతలు వేశారు. అఖిల్ తెనాలిలో పశువుల డాక్టరు. పెళ్ళయి రెండేళ్ళు దాటింది. మేం కలిసి ఉన్నది ముప్పై ఏడు రోజులు. మిగతాదంతా వీడియో కాల్, అందులోనూ సగం గేదెల అరుపులే.

అతన్ని ఇక్కడికి రప్పించాలంటే నా సంపాదన ఇద్దరికి సరిపోతుందని చూపించాలి. ఏడాదికి ఇరవై ఆరు వేల నాలుగు వందల చిల్లర డాలర్లు కావాలి. స్కూల్లో టీచర్ అసిస్టెంట్‌గా నాకొచ్చేది ఇరవై రెండు వేల ఎనిమిది వందలు. ఈ లెక్కన అఖిల్ తల నుంచి మోకాళ్ళ దాకా అమెరికా రావచ్చు. మోకాళ్ళ కింది భాగం తెనాలిలో ఉండిపోవాలి.

అందుకని ఇంకొకరు జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టాలి. రేపు అఖిల్ ప్రభుత్వం మీద ఆధారపడే పరిస్థితి వస్తే ఆ భారం నాది అని ఒప్పుకునే సంతకం. అమ్మానాన్నా రిటైరై విశాఖ వెళ్ళిపోయారు, వాళ్ళకి ఇక్కడ ఆదాయం లేదు. నాకు తెలిసినవాళ్ళలో ఇరవై నాలుగేళ్ళుగా ఒకే కంపెనీలో పని చేస్తున్న మనిషి మీరొక్కరే. జులై 25 లోగా కాగితాలు చేరకపోతే వీసా ఫైలు మూసేస్తారు. మళ్ళీ మొదట్నించి మొదలుపెట్టాలంటే ఇంకో రెండేళ్ళు.

ఫారం జత చేశాను. కాదనరని నమ్మకం.

ఇట్లు,
మీ క్లాసులో చివరి బెంచీ,
కృతి

తా.క.: సాయంత్రాలు ఒక ఇంట్లో బేబీ సిట్టింగ్ కూడా చేస్తున్నాను. వాళ్ళు క్యాష్ ఇస్తారు, దానికి రుజువు కావాలట. చూసిన సాక్షి ఒక్కడే, వాడికి ఇంకా మాటలు రాలేదు.

*

అరోరా, ఇల్లినాయ్
జూన్ 9

చిరంజీవి సౌభాగ్యవతి కృతికి, జగన్మోహన్ అంకుల్, సుమతి ఆంటీల ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. రెండు తప్పులు తప్ప బాగానే ఉంది. ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపుతున్నాను, దాచుకో.

సంతకం పెట్టమని అంత బతిమాలడం దేనికమ్మా? అది నాకు గౌరవం. ఫారం పూర్తి చేసి జత చేశాను. పేరు, చిరునామా, పుట్టిన తేదీ అన్నీ విడి అక్షరాల్లో రాశాను. మీ ఇంట్లో మొత్తం ఎంతమంది అని అడిగిన చోట పదకొండు అని వేశాను.

సంపాదన గడి ఖాళీగా వదిలాను. మన సంపాదన మనమే చెప్పుకోవడం ఏం బావుంటుంది? ఆ సంగతి తర్వాత చూద్దాం.

శుభం కోరే,
జగన్మోహన్

తా.క.: పదకొండు మంది పేర్లు రాయడానికి ఫారంలో చోటు చాలలేదు. ఒక కాగితం అంటించాను. జిగురు సరిగ్గా ఆరలేదు, నెమ్మదిగా విప్పు.

*

బెంటన్‌విల్
జూన్ 14

ఎర్ర సిరా అధిపతులైన అంకుల్‌కి, కృతి వినయంగా రాస్తున్నది.

ఫారం అందింది. నెమ్మదిగానే విప్పాను. కాగితం నా చేతికి అంటుకుంది.

అంకుల్, పదకొండు మంది ఎవరు? మీ ఇంట్లో మీరూ ఆంటీ ఉంటారు. మీ అమ్మాయి ఆద్య ఉద్యోగం చేసుకుంటూ వేరే రాష్ట్రంలో, బాతెల్‌లో ఉంది. ప్రభుత్వం అడిగేది మీరు, మీ భార్య, టాక్స్ కాగితాల్లో మీ మీద ఆధారపడ్డట్టు చూపించినవాళ్ళు. అంతే. మనుషులు పెరిగేకొద్దీ చూపించాల్సిన ఆదాయం పెరుగుతుంది. మీ పదకొండు మందికీ అఖిల్‌ని కలిపితే తొంభై అయిదు వేలు దాటుతోంది. ఇద్దరే అని రాస్తే ముప్పై మూడు వేల చిల్లరతో సరిపోతుంది.

దయచేసి కొత్త ఫారంలో ఇద్దరు అని వేసి, సంపాదన గడి నింపి, ఈమధ్య వచ్చిన జీతం చీటీలు, అదే పే స్టబ్స్, నాలుగు జత చెయ్యండి. మీ సంపాదన చూసి దిష్టి పెట్టనని మాటిస్తున్నాను.

ఇట్లు,
కృతి

తా.క.: ఈ ఉత్తరంలో తప్పులుంటే అఖిల్ వచ్చాక ఇద్దరం కలిసి దిద్దించుకుంటాం. అన్నీ దాచి ఉంచండి.

*

అరోరా
జూన్ 22

చిరంజీవి కృతికి, ఆశీస్సులు.

ఎవరు ఎవరు అని అడిగావు. చెబుతాను, విను.

నేను, సుమతి. ఆద్య బాతెల్‌లో ఉన్నా దాని గది దానికే ఉంది, కాబట్టి మూడు. బేస్‌మెంట్‌లో తెలిసినవాళ్ళ అబ్బాయి అద్వైత్ ఉంటున్నాడు, ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి రాక ఐదు నెలలుగా ఎదురు చూస్తున్నాడు. సుమతి పిన్ని చాముండేశ్వరిగారు ఆరు నెలలకని వచ్చి ఉన్నారు. ఎంఎస్ చదివే పిల్లలు ముగ్గురు, శుక్రవారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్న ఉప్మా తిని వెళతారు. పక్క వీధి అక్షయ్, వాళ్ళావిడ రేణు, వాళ్ళ కిచెన్ రిపేరు అయ్యేదాకా మనింట్లోనే భోజనం. పది అయ్యారు.

పదకొండో మనిషివి నువ్వే. ప్రతి ఆదివారం క్లాసయ్యాక మా డైనింగ్ టేబుల్ దగ్గర పెరుగన్నం తిన్నావు. నిన్ను లెక్కలోంచి తీసేసినట్టు నాకు గుర్తు లేదు.

రేపు అద్వైత్ ఎదురుపడితే, నిన్ను గవర్నమెంటు కాగితంలో కొట్టేశానురా అని ఎలా చెప్పను? కొంచెం ఆలోచించుకోనీ. కంగారు పడకు.

శుభం కోరే,
జగన్మోహన్

తా.క.: అఖిల్‌కి ఇక్కడ ఏం పని దొరుకుతుందంటావు? దొరక్కపోతే? దొరికి, పోతే? ఈ రోజుల్లో ఏదీ నమ్మకంగా చెప్పలేం. చాముండేశ్వరిగారి చెల్లెలు, వాళ్ళాయన ఎల్లుండి దిగుతున్నారు, కనుక పదమూడు.

*

బెంటన్‌విల్
జులై 3

జగన్మోహన్ అంకుల్‌కి, కృతి నమస్కారం.

ఇంక ఇరవై రెండు రోజులున్నాయి. ఈసారి హాస్యం తగ్గించి రాస్తున్నాను.

మీ తాజా కలం నాలుగుసార్లు చదివాను. దొరక్కపోతే, దొరికి పోతే అన్నారు. ఇప్పుడర్థమైంది. పే స్టబ్స్ రాకపోవడానికి కారణం పదకొండు మందీ కాదు, పదమూడు మందీ కాదు. పన్నెండోవాడు. పశువుల డాక్టరు ఇక్కడికొచ్చి ఏం చేస్తాడు, రేపు వాడి భారం నా నెత్తిన పడదా అని మీ సందేహం. అది తప్పు కాదు అంకుల్. ఎవరికైనా వస్తుంది.

అఖిల్‌కి చెప్పాను. అతను వెంటనే ముగ్గురు రైతుల దగ్గర యోగ్యతా పత్రాలు రాయించి ఫోటోలు పంపాడు. ప్రింట్ తీసి జత చేశాను. అందులో ఈశ్వరయ్యగారిది ముఖ్యంగా చదవండి. ఈ డాక్టరు బాబు వచ్చాక మా గేదె పూటకి రెండు లీటర్లు ఎక్కువ ఇస్తోంది, దయచేసి ఈయన్ని అమెరికాకి పంపవద్దు అని రాసి వేలిముద్ర వేశాడు. మా కేసులో ఇంతవరకు ఉన్న బలమైన డాక్యుమెంట్ ఇదే, అదీ మాకు వ్యతిరేకంగా ఉంది.

నిన్న వీడియో కాల్‌లో అతను, "పెద్దాయన్ని ఇంక అడగొద్దు కృతీ. ఇంకో రెండేళ్ళంటే రెండేళ్ళు. ఏం పోయింది" అన్నాడు. అని గేదెని చూసే మిషతో పక్కకి తిరిగాడు. అక్కడ గేదె లేదు. అప్పుడతను వంటింట్లో ఉన్నాడు.

మీకు ఇష్టం లేకపోతే లేదని ఒక్క ముక్క రాయండి. నేనేమీ అనుకోను. రాయకుండా ఉంటేనే ఏమనుకోవాలో తెలియడం లేదు.

ఇట్లు,
కృతి

తా.క.: లేదని రాసినా సరే, ఆ పదకొండులోంచి నన్ను తియ్యకండి.

*

అరోరా
జులై 15

చిరంజీవి కృతికి,

ఈసారి నీ ఉత్తరంలో ఒక్క తప్పూ దిద్దలేదు. ఎర్ర పెన్ను పట్టుకునే అర్హత నాకు లేదు.

మార్చి 17న నా ఉద్యోగం పోయింది. ఇరవై నాలుగేళ్ళ పని తొమ్మిది నిమిషాల మీటింగ్‌లో అయిపోయింది. ఇంట్లో చెప్పలేదు. మర్నాడు మామూలుగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని, లంచ్ డబ్బా పట్టుకుని, పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళి కూర్చున్నాను. నాలుగు నెలలుగా అదే నా ఆఫీసు. ఐదింటికి మూసేస్తే బావుండు, ట్రాఫిక్‌లో ఇంటికి వెళ్ళొచ్చు అనుకునేవాణ్ణి. వాళ్ళేమో తొమ్మిది దాకా తెరిచే ఉంచుతారు.

నీ మొదటి ఉత్తరం వచ్చేసరికి నా పరిస్థితి అది. ఔనని గడి నింపితే అబద్ధం. కాదంటే కారణం చెప్పాలి. కాబట్టి మనవాళ్ళు ఇలాంటప్పుడు చేసేదే చేశాను, సాగదీశాను. పదకొండు మందిని రాసింది ప్రేమతోనే. నువ్వు దిద్దమన్నాక దిద్దకపోవడం మాత్రం భయంతో. దొరికి పోతే అని అడిగింది అఖిల్ గురించి కాదమ్మా. ఆ కుర్రాడు నా వల్ల వంటింట్లో లేని గేదెని వెతుక్కున్నాడు. నన్ను క్షమించమని అతనితో చెప్పు.

నీ ఉత్తరం చదివిన రోజు లైబ్రరీలో ఆ ఫారం సూచనలు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. నాకిప్పుడు టైముకి లోటు లేదు. సంపాదన చాలనివాడు ఆస్తి చూపించవచ్చట. తగ్గినదానికి మూడు రెట్లు ఉండాలి. నా సంపాదన సున్నా, కాబట్టి తగ్గింది మొత్తం ముప్పై మూడు వేల చిల్లర. మూడు రెట్లంటే లక్ష. మా ఇంటి అప్పు మూడేళ్ళ క్రితమే తీరింది. ఇల్లు మూడున్నర లక్షలు చేస్తుందని అంచనా కాగితం తెప్పించాను.

ఒక్కటే చిక్కు. ఇల్లు ఇద్దరి పేరా ఉంది. పత్రాలు సుమతి బీరువాలో ఉన్నాయి. ఎందుకని అడక్కుండా తాళం ఇచ్చే మనిషి కాదు. చెప్పాను. నీ ఫారం వల్ల చెప్పాను. లేకపోతే ఈ సంవత్సరమంతా లైబ్రరీలోనే గడిపేవాణ్ణి.

ఇద్దరం సంతకాలు పెట్టాం. ఇంట్లో ఇద్దరు అని వేశాను. అద్వైత్‌కి చూపిస్తే, "నేను టాక్స్ కాగితంలో లేను గానీ పప్పు కాగితంలో ఉన్నాను కదంకుల్" అన్నాడు. ఇది ఓవర్‌నైట్ పోస్టులో వస్తుంది. రాగానే అప్‌లోడ్ చెయ్యి, పది రోజులు మిగిలున్నాయి.

మీ ఇద్దరి శుభం కోరే,
జగన్మోహన్

తా.క.: సుమతి కోప్పడుతుందనుకున్నాను. బీరువా తలుపు పట్టుకుని నిలబడి, "మరి నేను కట్టిచ్చిన డబ్బా ఎక్కడ తిన్నారు? లైబ్రరీలో తిననివ్వరుగా" అంది. పార్కింగ్ లాట్‌లో, కార్లో అన్నాను. "మార్చి చలిలో కూడానా" అంది. ఊఁ అన్నాను. ఇవాళ మధ్యాహ్నం ఇంట్లో తిన్నాను. నాలుగు నెలల తర్వాత ఒక పనిరోజున వేడి పప్పులో నెయ్యి కరగడం చూశాను.