గుడ్ ఫ్రైడే నిమ్మనీళ్ళు

గుడ్ ఫ్రైడే, రాత్రి.

ఇన్నేళ్ళూ మా చర్చిలో మధ్యాహ్నం ఆరాధన అయ్యాక, ఉపవాసం ఉన్నవాళ్ళకి నిమ్మనీళ్ళు కలిపింది నేను. కాయని గచ్చు మీద అరచేత్తో దొర్లించి మెత్తబరచాలి. తొక్క నలిగేదాకా పిండకూడదు, నలిగితే చేదు. దీని మీద గంటసేపు మాట్లాడగలను గానీ, వినేవాళ్ళే తగ్గిపోయేరు.

ఈ ఏడు మా ఆవిడ తమ్ముడు ప్రసాదు, నన్నొక్క మాట అడక్కుండా, కొబ్బరిబొండాల నీళ్ళలో నిమ్మరసం పిండి, కాస్త అల్లం దంచి వేసి పట్టుకొచ్చేడు. జనం నా బిందె దాటుకుని వాడి డ్రమ్ము దగ్గరికి పోయేరు. పాస్టరుగారు కూడా! ఏదో ఒక వంక పెడదామని నేనూ ఒక గ్లాసు తాగేను. వంక దొరకలేదు. అదీ నా కడుపుమంట.

"ఎలా ఉందండీ బావగారూ?" అన్నాడు ప్రసాదు.

"కొంచెం చేదు తగిలిందిరా," అన్నాను. సిలువ దినాన, చర్చి మెట్ల మీద నిలబడి!

వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఆయ్, మీరన్నారంటే నిజమేనండి. కాయ గట్టిగా పిండేసుంటాను."

మా ఆవిడ మధ్యలో గ్లాసు చాపి, "నాకేం చేదు తగల్లేదురా. ఇంకోటి పొయ్యి," అంది.

ఇన్నేళ్ళ కాపురంలో నా చేతి నిమ్మనీళ్ళు ఆవిడ రెండో గ్లాసు అడిగిన పాపాన పోలేదు. ఎందుకో కనుక్కుందామని ఇందాక మంచం దాకా వెళ్ళేను. మెలకువగానే ఉంది. అడిగితే చెప్పేస్తుందేమోనని వెనక్కి వచ్చేశాను.