అడుగు చెక్కకి చిత్రిక

అన్నయ్యకి నమస్కారాలు. నా దగ్గు తగ్గింది, వదినని కంగారుపడొద్దను.

నువ్వు గుమాస్తాగా చేరకముందు చేసిన పనిముట్ల పెట్టెకి మొన్న బందు ఊడింది. బాగుచేద్దామని మా వడ్రంగి మేస్త్రి దాన్ని బోర్లించి, అడుగు చెక్కని చాలాసేపు వేళ్లతో నిమిరాడు. "ఎవరు చేశారు?" అన్నాడు. మా అన్నయ్య అన్నాను. "ఎవరూ చూడని అడుక్కి కూడా చిత్రిక పట్టాడంటే ప్రాణం పెట్టి చేశాడయ్యా. నీ చెయ్యి ఇంకా ఇంతగా తిరగలేదు," అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆయన దగ్గరే పనిచేస్తున్నవాణ్ణి, అయినా నాకు కోపం రాలేదు.

నాన్న పోయాక ఇద్దరిలో ఒకరం జీతం తేక తప్పనప్పుడు, "చెక్కపనంటే నాకు విసుగురా, ఇష్టమున్నవాడివి నువ్వు నేర్చుకో" అని పెట్టె నాకిచ్చేశావు. నేను నమ్మేశాను. ఇన్నాళ్లూ ఆ పెట్టెని ఒక్కసారైనా తిరగేసి చూడలేదు.

వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? పెద్దదాన్ని ఏ చదువులో చేరుస్తున్నారో రాయి. దానికీ చిన్నవాడికీ నా దీవెనలు.

పెట్టెలో చిన్న ఉలి పెట్టుకునే గూడు మొదటినుంచీ ఖాళీగానే ఉంది. ఎక్కడో పోయిందనుకున్నాను. అది నీ దగ్గరే ఉంటే పంపకు. తుప్పు పట్టకుండా అప్పుడప్పుడు నూనె రాస్తూ ఉండు.

నీ తమ్ముడు