నాయన సారె మీద యూకో

శుక్రవారం

జపాన్ నుంచి వచ్చి తిరుపతిలో స్థిరపడి, పింగాణీ పాత్రలతో పేరు తెచ్చుకున్న యూకో ఈరోజు మా ఇంటికి వచ్చింది. తానూ ఒక కూజా చేస్తానని అడిగిందో లేదో, నాయన లేచి కుండలు చేసే తన సారె ముందు ఆమెను కూర్చోబెట్టాడు. మా కుమ్మరి ఇళ్లలో ఆడవాళ్లు సారె ముట్టకూడదని చిన్నప్పుడు నా చెయ్యి లాగేసిన నాయనే.

ఆమె వేళ్ల మధ్య కూజా లేస్తుంటే నాకు కడుపు మండిపోయింది. అంత బాగా చేసింది మరి. మట్టి వెన్నలా ఉందని నాయనను మెచ్చుకుంది. దాన్ని తొక్కింది నేను.

ఆమె వెళ్లాక అడిగాను. "నేను ముట్టుకుంటే తప్పు, ఆయమ్మ ముట్టుకుంటే కాదా నాయనా?"

"ఆయమ్మ బయట మనిషి. నువ్వు మనింటి ఆడపిల్లవి గదమ్మా," అన్నాడు, ప్రేమగానే. "రేపు మళ్లా వస్తాదంట. మట్టి ఇంకొంచెం ఎక్కువ తొక్కి పెట్టు."