మసి అంటిన గ్లవ్స్

1932 మార్చి 6, ఆదివారం

జిప్పోరా పెద్దమ్మ ఈ రోజు కూడా చర్చికి రాలేదు. లాండ్రీ పని పోయాక అద్దె కట్టలేకపోయింది. బుధవారం సామాను రోడ్డు మీద పడేస్తామని తలుపుకు కాగితం అంటించి పోయారట. డెబ్బై ఏళ్ల మనిషి, ఈ చికాగో చలిలో ఎక్కడికి పోతుంది?

పాస్టర్ గారిని అడిగాను. ప్రార్థన చేద్దాం సిస్టర్, తొందరపడకండి అన్నారు. ఒళ్లు మండిపోయింది. ప్రార్థన నేనూ చేస్తాను. చేతులు కట్టుకుని మాత్రం కూర్చోను.

మార్చి 7

అషర్లం పద్నాలుగు మందిమి, అందరం ఆడవాళ్లమే. ఆరాధనప్పుడు జనాన్ని కూర్చోబెట్టడం మా పని. నోరు మెదపం, అంతా చేతి సైగలే. రెండు వేళ్లెత్తితే ఇద్దరికి చోటుంది, రండని. చెయ్యి నడుం వెనక పెడితే ఆగమని.

బుధవారం అందరినీ పెద్దమ్మ ఇంటికి తెల్ల యూనిఫాంలో, తెల్ల గ్లవ్స్‌తో రమ్మన్నాను. సామాను తిరిగి లోపలికి మొయ్యడానికి గ్లవ్స్ ఎందుకే, పెళ్లికా అని మాలో ఒఫీలియా నవ్వింది. వేసుకుని రావే చెబుతా అన్నాను.

మార్చి 8

భయంగానే ఉంది.

మార్చి 9, మధ్యాహ్నం

మంచం, పొయ్యి, కుట్టుమిషను, అన్నీ మంచులో. మధ్యలో కుర్చీలో పెద్దమ్మ, కాళ్లకు చెప్పులైనా లేవు. అది చూశాక నా భయం ఎటు పోయిందో! రెండు వేళ్లెత్తాను. ఇద్దరు వచ్చి పొయ్యి పట్టుకున్నారు. మళ్లీ ఎత్తాను. మంచం లోపలికి పోయింది.

పోలీసులు వచ్చారు. చెయ్యి నడుం వెనక్కి పెట్టాను. మావాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఎవరే మీ లీడరు, మొయ్యమని ఎవరు చెప్పారు అని సార్జెంటు అరిచాడు. ఎవరూ పలకలేదు. వీధిలో వాళ్లని అడిగాడు. దేవుడి తోడు సార్, వీళ్లలో ఒక్కరు నోరు విప్పితే ఒట్టు అన్నాడు బార్బర్ రూఫస్. నిజమే కదా! ఇంతమంది చర్చి ఆడవాళ్లని వ్యాను ఎక్కిస్తే పేపర్లో పడతాం సార్ అని పక్క పోలీసు గొణిగాడు. సార్జెంటు తిట్టుకుంటూ పోయాడు.

పెద్దమ్మను కుర్చీతో సహా ఎత్తాం. దింపండే, నాకు కాళ్లు లేవా అని మెట్ల పొడుగునా తిట్టింది.

మార్చి 11

పాస్టర్ గారు పిలిపించారు. గ్లవ్స్ నిండా పొయ్యి మసి, ఆదివారానికి కొత్తవి వేసుకోండి, మన చర్చి పరువేం కావాలి అన్నారు. ఎంత ఉతికినా పోలేదండీ అన్నాను.

అసలు ఉతకలేదు.

మార్చి 13, ఆదివారం

మసి గ్లవ్స్‌తోనే నిలబడ్డాం. కాగితం అంటించిన ఇంకో ఇంటి అడ్రసు రాసి పాస్టర్ గారి బైబిలు మీద పెట్టాను. ప్రసంగం మధ్యలో చూశారు. ఆగారు. మా మసి చేతుల వంక చూశారు.

తర్వాత ఒక్క మాట లేకుండా రెండు వేళ్లెత్తారు.

చర్చంతా లేచి నిలబడింది.