వాగు గోడకు మెట్లు

మే 9

గోడ పూర్తయింది. వాగుకు అడ్డంగా, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. మేస్త్రీ మా అన్నయ్య. రాళ్లు ఊరివి. ఎవరి రాళ్లు వాళ్లే మోసుకొచ్చి పేర్చారు కాబట్టి ఏ రాయి ఏ ఇంటిదో అందరికీ కంఠతా వచ్చు. జాకెట్లు కుట్టుకునే నన్ను వాగు కమిటీకి సెక్రటరీని చేశారు. నోరు పెద్దదని కాబోలు.

అన్నయ్య గోడంతా అరచేత్తో తడిమి, చీమ దూరే సందు కూడా లేదు చూడవే అన్నాడు. మన ఇంటి కప్పు కారుతోంది, దాని సంగతేమిటి అంది వదిన.

జూన్ 20

వానలు పడ్డాయి. గోడ వెనక నీళ్లు నిలిచాయి. మా బావిలో చేంతాడు సగమే దిగింది! ట్యాంకర్ దగ్గర బిందెలతో కొట్టుకున్న ఎదురింటి డ్రైవర్ భార్యా నేనూ ఇవాళ మాట్లాడుకున్నాం. అన్నయ్య కాలర్ ఎగరేసుకుని తిరుగుతున్నాడు. తిరగనీ.

జూలై 2, ఉదయం

రాత్రంతా కుండపోత. తెల్లారేసరికి ఊరంతా వాగు దగ్గరే.

చేపలు. గోడ మీంచి పొర్లిన నీళ్లు కింద ఏటిని కలిశాయి, ఆ దారినే ఇవి ఎదురెక్కి వచ్చాయి. ఎన్నేళ్లయిందో ఈ వాగులో చేప మొహం చూసి. ఎక్కడా నీళ్లు కనబడవు, అన్నీ వీపులే. ఎగిరి గోడకు కొట్టుకుని పడుతున్నాయి. మళ్లీ ఎగురుతున్నాయి. తడి బట్టలు బండకేసి బాదుతున్నట్టు చప్పుడు.

జనం గంపలతో దిగారు. నేనూ దిగాను. ఒక పెద్ద చేప చేతికి చిక్కింది. పట్టుకోగానే దాని గుడ్లు నా అరచేయి నిండా కారాయి. పైన ఎక్కడో పెట్టుకోవాల్సిన గుడ్లు. నేను అలాగే నిలబడిపోయాను.

పట్టినవన్నీ గోడ అవతల కుమ్మరిద్దామని అరిచాను. తిట్టారు. డ్రైవర్ భార్య మాత్రం వచ్చి నా పక్కన నిలబడింది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. గంపలు చేతులు మారుతూ గోడ దాటాయి. మా చేతులు పడిపోయాయి కానీ చేపలు తగ్గలేదు.

అన్నయ్య దిగలేదు. గట్టు మీద గొంతుక్కూర్చుని గోడనే చూశాడు.

జూలై 2, సాయంత్రం

గోడ మొదట్లో చచ్చిన చేపలు తేలుతున్నాయి. అన్నయ్య అన్నం ముట్టలేదు. వాటి దారి మూసింది నేనేనే అన్నాడు. వదిన ఎకసెక్కం ఆడలేదు.

జూలై 4

స్కూలు వరండాలో మీటింగ్. అన్నయ్య ప్లాన్ చెప్పాడు. గోడను ఒక పక్కన మూరెడు లోతు కొట్టి, అక్కడి నుంచి కిందికి తొట్టెల్లాంటి మెట్లు కడతాడట. ఆస్పత్రి మెట్ల మీద అమ్మను కూర్చోబెట్టి కూర్చోబెట్టి ఎక్కించలేదా, అలాగే చేప కూడా ఆగి ఆగి ఎక్కుతుంది అన్నాడు.

అంటే నిలవ నీళ్లు మూరెడు తగ్గుతాయి. వేసవికి బావులు చాలకపోతే? చేపల కోసం మళ్లీ ట్యాంకర్ వెనక పరుగెత్తమంటారా అన్నాడు పిండిమిల్లాయన. ఆయన అన్నదీ అబద్ధం కాదు. నాకూ భయమే. కానీ ఆ గుడ్లు ఇంకా నా చేతిలో ఉన్నట్టే ఉంది. అదే చెప్పాను. చాలామంది సరే అన్నారు.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. ఎవరి రాళ్లు తీయాలి? మావి వద్దంటే మావి వద్దని ఒకటే అరుపులు. వదిన లేచి మావి తీయండి, ఆ గోడ నాకు సవతిలా తయారైంది అంది. అందరూ నవ్వారు. మనవి నడిమధ్యన ఉన్నాయి, అక్కడ కొడితే గోడ నిలవదు, గట్టు పక్కవే తీయాలి అన్నాడు అన్నయ్య.

గట్టు పక్కవి పిండిమిల్లాయనవి. ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

జూలై 5

పొద్దున్నే వెళ్లేసరికి పిండిమిల్లాయన సమ్మెటతో గోడ మీద ఉన్నాడు. తన రాళ్లు తనే తీస్తాడట, ఇంకెవరూ చెయ్యి వేయకూడదట. ఎక్కడ కొట్టాలో అన్నయ్య చూపించాడు. మొదటి దెబ్బకు అన్నయ్య కళ్లు మూసుకున్నాడు.

జూలై 11

మెట్లయ్యాయి. నీళ్లు మూరెడు దిగాయి.

జూలై 16

వాన లేదు. చేపలూ లేవు. మీవాళ్లకు శుభలేఖ పంపలేదా అని పిండిమిల్లాయన అడిగాడు. నవ్వలేకపోయాను. బావిలోకి తొంగిచూడాలంటే భయం.

జూలై 23

వాన. ఎక్కుతున్నాయి!

అడ్డం పడిన కొమ్మ తీద్దామని అన్నయ్య మూడో మెట్టులోకి దిగాడు. అంతలో వచ్చేశాయి. ఆయన కాళ్ల మధ్య నుంచి, ఒకదాని వెనక ఒకటి. వదిన పిలిస్తే చేత్తోనే వద్దన్నాడు. కాలెత్తితే దేన్ని తొక్కుతాడోనని. పిండిమిల్లాయన గొడుగు పట్టడానికి వెళ్లి తనూ దిగాడు.

ఇప్పుడు ఇద్దరూ కదలడం లేదు.