గూడ్సుబండి నమ్మిన మాట

చిట్టితల్లికి,

నాన్న మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ప్రభువు దయవల్ల ఇక్కడ అమ్మ, తమ్ముడు, నేను క్షేమం. హాస్టల్లో నువ్వూ, నీ స్నేహితురాళ్ళూ అలాగే ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరాన్ని అమ్మ నాచేత చదివించుకుని, తర్వాత కళ్ళజోడు పెట్టుకుని తానే మళ్ళీ చదువుకుంది. ముందే చదువుకోవచ్చుగా అంటే "మీ గొంతుతో ఒకసారి, దాని గొంతుతో ఒకసారి" అంది. మోకాలికి నువ్వు చెప్పిన కాపడం పెడుతోంది. "నర్సు చదువు సగం కాలేదు, అప్పుడే డాక్టరమ్మలా ఆర్డర్లు" అని గొణుగుతూనే పెడుతోంది. తమ్ముడు లెక్కల్లో గట్టెక్కాడు. ఎలాగని మాత్రం నన్నడక్కు.

వచ్చే నెల మొదటి ఆదివారం బాప్తిస్మం తీసుకుంటున్నానని రాశావు. అక్కడే ఆగి ఆ ముక్కే రెండుసార్లు చదివాను. అమ్మ సంతోషమనుకుంది. సంతోషమే, కాదనను. కానీ దాని కిందే రాశావు కదా, "ప్రభువుకు సాక్షిగా బతకడమంటే ఏమిటో నాన్నను చూసే నేర్చుకున్నానని మా పాస్టరుగారికి చెప్పాను, ఆ రోజు సంఘం ముందు నువ్వే లేచి సాక్ష్యం చెప్పాలి" అని. పదిహేను రోజులైంది, ఆ ముక్కకి జవాబు రాయలేక ఈ కాగితాన్ని తీస్తున్నాను, పెడుతున్నాను.

ఫ్యాక్టరీలో నావల్ల ఒక్కరైనా ప్రార్థనకు వచ్చారా అని కూడా అడిగావు. వచ్చాడమ్మా. పందొమ్మిదేళ్ళలో ఒకే ఒక్కడు. మన గూడ్సుబండి.

నీకు అట్టలతో రెండంతస్తుల బొమ్మరిల్లు చేసిచ్చింది ఆయనే. చెయ్యడానికి ఎన్నాళ్ళు పట్టిందంటే, అది వచ్చేసరికి నీకు బొమ్మల సరదా తీరిపోయింది. అంత నిదానస్థుడు కాబట్టే ఆ పేరు. అట్టలు కోసే మిషన్ల దగ్గర నా పక్క మనిషి. మూడు నెలల కిందట ఆ కత్తి కింద ఆయన కుడిచేతి వేళ్ళు మూడు పోయాయని రాశాను. అప్పుడు రాయనిది ఇప్పుడు రాస్తున్నాను.

చెయ్యి కత్తి కిందికి పోకుండా ముందు ఇనుప జాలీ ఒకటి ఉంటుంది. అది ఉంటే పని నెమ్మదిగా సాగుతుంది. పెద్ద ఆర్డరు వచ్చిందని మేనేజరుగారే దగ్గరుండి తీయించారు. "వద్దు సార్, భయం" అని గూడ్సుబండి అన్నాడు కూడా. నేను పక్కనే ఉన్నాను. ప్రమాదం జరిగాక, ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి గేటు దాటకముందే జాలీ మళ్ళీ బిగించేశారు.

మేనేజరుగారు మన సంఘ పెద్ద. ఈ ఉద్యోగం, ఈ క్వార్టరు ఆయన మాట మీదే వచ్చాయి. నన్ను బెదిరించి ఉంటే ఎదురు తిరిగేవాణ్ణేమో. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"తమ్ముడూ, తనిఖీ ఆఫీసరు వస్తున్నాడు. జాలీ ఉందని నువ్వు చెప్పు చాలు. ఇంకొకరు చెబితే పది ప్రశ్నలు వేస్తాడు. నీకున్న పేరుకి వెయ్యడు" అన్నారు.

అన్నట్టే అయింది. ఎవరు చూశారని ఆఫీసరు అడిగితే తోటి పనివాళ్ళంతా నన్నే చూపించారు. "ఈయన్ని అడగండి సార్. పాస్టరని ఏడిపిస్తాం గానీ, ప్రాణం పోయినా అబద్ధమాడడు" అన్నారు. జాలీ ఉందని చెప్పి సంతకం పెట్టాను. ఇక ఎవర్నీ అడగలేదు. తప్పు గూడ్సుబండిదేనని తేల్చి, పరిహారం లేకుండా పనిలోంచి తీసేశారు.

అప్పట్నుంచి నా బతుకు అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. చెబితే ఇల్లు ఖాళీ చెయ్యాలి, నీ చదువు, తమ్ముడి చదువు నడిమధ్యలో ఆగుతాయి. చెప్పకపోతే మోకరించినప్పుడు నోరు పెగలదు. ఎటూ కదల్లేకపోయాను.

పోయిన నెల ధైర్యం తెచ్చుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. నన్ను చూసి తానే సిగ్గుపడ్డాడు.

"జాలీ తీసేశారనే నాకు గుర్తు. కానీ ఉందని నువ్వన్నావట. నువ్వన్నావంటే ఉండే ఉంటుంది. ఆ నొప్పికి నా బుర్ర తిరిగినట్టుంది. పాపం మేనేజర్ని ఊరికే తిట్టుకున్నా" అన్నాడు.

"లేదన్నా, జాలీ లేదు. నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

నవ్వాడు. "నా బాధ చూడలేక నీ నెత్తిన వేసుకుంటున్నావా? ఇంత మంచివాడివేంటయ్యా బాబూ!"

ఒట్టేసి చెప్పాను. ఎంత గట్టిగా చెబితే అంత మంచివాణ్ణయ్యాను. ఆ ఆదివారమే భార్యతో ప్రార్థనకు వచ్చాడు. "నీలాంటి మనిషిని తయారుచేసిన దేవుణ్ణి చూద్దామని వచ్చా" అన్నాడు. మేనేజరుగారు లేచి వచ్చి ఆయన్ని భుజం తట్టి ముందు వరసలో కూర్చోబెట్టారు. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

నేను దేవుడి దగ్గరికి తెచ్చిన ఒకే ఒక్క మనిషి నా అబద్ధాన్ని నమ్మి వచ్చాడు తల్లీ. ఇంతకంటే సిగ్గు నాకు లేదు.

నోటిమాటతో అయ్యే పని కాదని తెలిసిపోయింది. జరిగింది జరిగినట్టు రాసి, నా సంతకం అబద్ధమని ఒప్పుకుని, నిన్న తనిఖీ ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో పంపాను. అమ్మకు ముందే చెప్పాను. లేచి స్టవ్వు కట్టేసి వచ్చింది. తర్వాత "అటక మీది పెట్టెలు దించండి" అంది.

నీ బాప్తిస్మానికి తప్పకుండా వస్తాను. లేచి చెప్పమంటే ఈ సంగతే చెబుతాను. వద్దంటే వెనక వరసలో కూర్చుంటాను. నీ ఇష్టం.

నీ చదువుకి ముడిపడ్డ విషయం, ముందు నిన్ను అడగాల్సింది. కానీ నువ్వు "వద్దు నాన్నా" అంటే ఆగిపోతానని నాకు తెలుసు. అందుకే దాన్ని ముందు పంపేసి, నీకు ఇవాళ రాస్తున్నాను. నన్ను క్షమించు. జవాబు మాత్రం ఈ చిరునామాకి రాయకు.

ఇట్లు,
మీ నాన్న